పాత చర్చి పక్కన అయ్యగారి బంగళా

చిత్తూరులో మా పాత చర్చికి ఏటా క్రిస్మస్ నెల రాకముందే వెల్ల పడుతుంది. గంట గోపురానికి దీపాల తోరణాలు కడతారు, బెంచీలకు వార్నిషు పూస్తారు, పగిలిన రంగుటద్దాల స్థానంలో కొత్తవి బిగిస్తారు. వీటికి చందా వేయడానికి సంఘంలో ఎవరూ వెనకాడరు. అదే ఆవరణలో, చింతచెట్ల వెనక నిలబడి ఉన్న అయ్యగారి, అంటే పాస్టరు గారి, బంగళా దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరి చేతులూ ముడుచుకుపోతాయి. పైకప్పు ఒక మూల కూలి, వెనక గోడలో రావి మొలక వేళ్ళు పాదుకొని, ముందు గదుల్లో విరిగిన బెంచీలూ క్రిస్మస్ నాటకాల సామగ్రీ పేరుకుపోయిన ఆ ఇంటిని పడగొట్టి, ఆ స్థలంలో కళ్యాణ మండపమూ వీధి వైపు కొన్ని కొట్లూ కట్టాలన్న ప్రతిపాదన ఇప్పుడు కమిటీ ముందుకు వచ్చింది. చర్చిని ముట్టుకుంటామంటే ఊరుకొనేవారు ఒక్కరూ లేరు. ఇంటిని పడగొడతామంటే అడ్డు చెప్పేవారు చాలా కొద్దిమంది. ఆ కొద్దిమందిలో నేనొకణ్ణి కనుక నా వాదన ఏమిటో ఇక్కడ వివరంగా రాసి పెడుతున్నాను. చర్చి పేరు రాయడం లేదు. వ్యవహారం ఇంకా కమిటీలో నలుగుతోంది, పైగా తెలిసినవారికి పేరు అక్కరలేదు, తెలియనివారికి పేరుతో పనిలేదు.

నేను ఆర్ అండ్ బీ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ కారణంగానే బంగళాను పరిశీలించి ఒక నివేదిక ఇమ్మని కమిటీ నన్ను అడిగింది. గోడలూ దూలాలూ పునాదీ ఏ స్థితిలో ఉన్నాయో అందులో రాశాను. అలాంటి నివేదికలో రాయడానికి చోటు లేని సంగతి మరొకటి ఉంది: మన సంఘ చరిత్ర అని గొప్పగా చెప్పుకొనేదాంట్లో ముప్పాతిక భాగం చర్చిలో కాక ఆ ఇంట్లో జరిగింది. చర్చి తలుపులు ఆదివారాలూ పండుగలూ పెళ్ళిళ్ళూ చావులప్పుడు తెరుచుకొనేవి. తక్కిన రోజులన్నీ మిషనరీ దొరలైనా, వారి తర్వాత వచ్చిన మన అయ్యగార్లయినా గడిపింది ఆ వరండాలోనే. పల్లెల నుంచి నడిచి వచ్చినవారు అర్జీలు రాయించుకొన్నదీ, సీసాలో మందు పోయించుకొన్నదీ, పిల్లల్ని హాస్టల్లో చేర్చుకోమని బతిమాలుకొన్నదీ, అత్తాకోడళ్ళ తగవు నుంచి పొలం గట్టు తగవు దాకా చెప్పుకొన్నదీ అక్కడే. చర్చికి వెల్ల వేసుకుంటూ ఆ ఇంటిని పడగొట్టడమంటే, అట్ట దాచుకొని పుస్తకం పారేసినట్టే.

ఈ ఊరి సంగతి తెలియనివారి కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. హైదరాలీ 1782 డిసెంబరులో ప్రాణం విడిచింది చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట దగ్గర వేసుకొన్న దండులో. ఆ తర్వాత కొన్నేళ్ళకే ఈ సీమ ఈస్టిండియా కుంపిణీ చేతికి చిక్కింది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు ఇదే కేంద్రం. కలెక్టరు కచేరీ, జిల్లా కోర్టు, వాటి చుట్టూ దొరల ఇళ్ళు ఇక్కడ ఉండేవి. కచేరీ ఉన్న ఊరికి పాదిరీలు రావడం ఆ కాలానికి మామూలే. అలా వచ్చినవారిలో నాకు అందరికంటే ఆసక్తి కలిగించేవాడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఇంగ్లండులోని ఎక్సెటరులో బాగా సంపాదిస్తున్న పళ్ళ వైద్యాన్ని వదులుకొని, ఏ మిషన్ సొసైటీ దగ్గరా జీతం పుచ్చుకోనని పట్టుబట్టి, ముందు బాగ్దాదుకు వెళ్ళాడు. అక్కడ 1831లో ప్లేగు వచ్చి భార్య చనిపోయింది. తర్వాత మన దేశానికి వచ్చి, 1837 ప్రాంతంలో చిత్తూరులో స్థిరపడ్డాడు. బోధకుడు తన కూడు తాను సంపాదించుకోవాలన్నది అతని సిద్ధాంతం కాబట్టి ఇక్కడ వ్యవసాయం పెట్టి, మల్బరీ నాటి, పట్టుపురుగులు పెంచి, చివరికి బాగా నష్టపోయాడు. ఇప్పుడు పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు పట్టుగూళ్ళు పండించి నాలుగు డబ్బులు చూస్తున్న రైతులకు ఈ కథ చెబితే, దొర తొందరపడ్డాడని నవ్వుతారేమో. అతను ఇంగ్లండు నుంచి వెంటబెట్టుకొని వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు గోదావరి డెల్టాకు వెళ్ళి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పనిచేశాయి. కోస్తా జిల్లాల్లో వారి పేర్లు నేటికీ తెలిసినవారున్నారు, గ్రోవ్స్ పేరు మాత్రం మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. అతను కట్టుకొన్న ఇల్లు నిలవకపోవడం కూడా అందుకొక కారణమని నా అనుమానం.

1853లో అమెరికా నుంచి వచ్చిన రిఫార్మ్‌డ్ చర్చి వారు ఆర్కాటు మిషన్ ప్రారంభించారు. దాన్ని ప్రారంభించింది స్కడ్డర్ సోదరులు. వారి తండ్రి డాక్టర్ జాన్ స్కడ్డర్ 1819లో సింహళానికీ అక్కడి నుంచి మద్రాసుకూ వచ్చిన వైద్యుడు. ఆయన కొడుకుల్లో ఏడుగురు దక్షిణ దేశంలో మిషనరీలుగా పనిచేశారు. వేలూరు, ఆర్కాటు, ఆరణి, చిత్తూరు వారి తొలి మజిలీలు. ఇంగ్లీషు బడులు పెట్టి పిల్లల్ని ఆకర్షించడం కంటే జనం మాట్లాడే భాషలోనే చెప్పాలన్నది ఆ మిషన్ మొదట పెట్టుకొన్న నియమం. ఆ నియమం చివరికంటా నిలవలేదు గానీ, దాని వల్ల వచ్చినవారంతా కూర్చొని తమిళమో తెలుగో నేర్చుకోక తప్పలేదు. మున్షీని పిలిపించుకొని పాఠం చెప్పించుకొన్నదీ బంగళాలోనే. ఆడపిల్లల కోసం చిత్తూరులో వసతి బడి నడిపిందీ ఈ మిషనే. 1876లో వచ్చిన ధాత కరువు గురించి మా అవ్వ తన అవ్వ చెప్పిందని చెప్పేది. మద్రాసు ప్రెసిడెన్సీ అంతటినీ రెండేళ్ళకు పైగా పీడించిన ఆ కరువులో మిషన్ ఆవరణలు గంజి పోసే చోట్లుగా, దిక్కులేని పిల్లల్ని చేరదీసే చోట్లుగా మారాయి. మా సంఘంలోని పాత కుటుంబాల్లో కొన్నింటి వంశవృక్షం ఆ గంజి దొన్నె దగ్గరే మొదలవుతుంది. వెల్ల వేసిన చర్చి గోడల మీద ఆ సంగతి ఎక్కడా రాసి లేదు.

ఇల్లు ముఖ్యమా చర్చి ముఖ్యమా అని నాతో వాదించేవారికి నేను చెప్పే ఉదాహరణ ఒకటుంది. చిత్తూరులో జబ్బు ముదిరిన ప్రతివాడూ చివరికి వెళ్ళేది వేలూరు ఆస్పత్రికే, గంట ప్రయాణం. ఆ ఆస్పత్రి పుట్టుకకు కారణమైన సంఘటన జరిగింది ఒక మిషన్ బంగళా వరండాలో. స్కడ్డర్ మనవరాలు ఐడా, చదువు ముగించుకొని, జబ్బుపడిన తల్లిని చూసుకోవడానికి తిండివనంలోని తండ్రి బంగళాకు వచ్చి ఉన్న రోజుల్లో, ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు, ఒకరి వెనక ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని ఆమెను అడిగారు. తాను డాక్టరును కాదనీ, తండ్రి వైద్యుడే కాబట్టి ఆయన వస్తాడనీ ఆమె చెబితే, పరాయి మగవాడు ఇంట్లో ఆడవాళ్ళను ముట్టుకోవడానికి వీల్లేదని ముగ్గురూ తిరిగి వెళ్ళిపోయారు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. మిషనరీ పని తనకు వద్దనుకొన్న ఆ అమ్మాయి అమెరికా వెళ్ళి, 1899లో కార్నెల్‌లో వైద్యం చదువు పూర్తి చేసి, 1900లో వేలూరుకు తిరిగి వచ్చి, తండ్రి బంగళాలోనే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1902లో నలభై పడకల ఆస్పత్రి లేచింది. నేడు మనం చూస్తున్న క్రిస్టియన్ మెడికల్ కాలేజీ దాని కొనసాగింపే. ఈ కథలో చర్చి పాత్ర ఎంతో చెప్పడం కష్టం. ఇంటి పాత్ర మాత్రం కళ్ళ ముందుంది.

మదనపల్లెలో 1863 నుంచి మకాం వేసి, 1908లో అక్కడే కన్నుమూసిన డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ సంగతీ అలాంటిదే. ఆయన ఒక చేత్తో మందులిస్తూ, మరో చేత్తో తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడిగా పనిచేశాడు. ఆదివారం చర్చిలో చదివే వాక్యం, వారమంతా పండితులతో బల్ల చుట్టూ కూర్చొని తేల్చుకొన్న మాటల ఫలితమే కదా.

తిరుపతి వైపు కథ వేరు. అక్కడికి వచ్చింది జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్. 1860లలో నాయుడుపేట, సూళ్ళూరుపేట ప్రాంతాల్లో పని మొదలుపెట్టి, కొండ కింది ఊరిదాకా వచ్చారు. వారు నడిపిన బడిలోనే 1896 నుంచి 1900 దాకా తిరుత్తణి కుర్రాడు సర్వేపల్లి రాధాకృష్ణన్ చదువుకొన్నాడు. వెంకటేశ్వరస్వామి పాదాల దగ్గరి ఊళ్ళో లూథరన్ పాదిరీల బడిలో చదివిన పిల్లవాడు, వేలూరులో ఆర్కాటు మిషన్ వారి వూర్హీస్ కాలేజీ మీదుగా మద్రాసు వెళ్ళి, హిందూ తత్త్వశాస్త్రాన్ని ప్రపంచానికి వివరించే పండితుడయ్యాడు. 1914లో యుద్ధం రాగానే మన దేశంలోని జర్మన్ మిషనరీలు శత్రుదేశస్థులయ్యారు. నిర్బంధంలో ఉంచి, తర్వాత ఓడలెక్కించి పంపేశారు. అలా పంపిన ఓడ పేరు గోల్కొండ కావడం తెలుగువారికి విచిత్రంగా తోస్తుంది. వారి పనిని అమెరికాలోని ఒహాయో లూథరన్లు అందుకొన్నారు. మనుషులు మారారు, దేశమే మారింది, అయినా కొత్తగా వచ్చినవారు దిగింది పాతవారి ఇళ్ళలోనే. మిషన్ బంగళాలకు ఉన్న గుణమిదే. ఎవరు వెళ్ళినా ఎవరు వచ్చినా, ఆ ఊళ్ళోని పనికి ఒక చిరునామా ఉంటుంది.

ఇక మా బంగళా. దీన్ని ఇంజనీరు కంటితో చూస్తే, కట్టినవాడి తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది. గోడలు రెండడుగుల మందం, కాల్చిన ఇటుక, గానుగ సున్నం. మందు గది, ఆఫీసు గది, మధ్య హాలు, పడక గదులు, అన్నింటికీ పదహారు అడుగులకు తగ్గని ఎత్తు. వేడిగాలి పైకి వెళ్ళి తప్పించుకోవడానికి కప్పు కింద చిన్న గవాక్షాలు, వాటికి తాడు లాగితే తెరుచుకొనే రెక్కలు. పడమటి ఎండ గోడకు తగలకుండా మూడు వైపులా లోతైన వరండా. పొగా మంటల భయం వల్ల వంటిల్లు విడిగా, వెనక, బెంగుళూరు పెంకుల చూరుతో ఉంది. పేరు బెంగుళూరుదే గానీ, ఆ పెంకుల్లో ఒకటి తిప్పి చూస్తే అడుగున మంగళూరు ముద్ర ఉంది. బాసెల్ మిషన్ వారు 1865లో మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన తర్వాత అవి దక్షిణ దేశమంతటా పాకాయి. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు ఆ మధ్య హాలులో నిలబడితే, వీధి అవతల కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లలో ఏసీ లేకుండా ఎవరూ ఎందుకు బతకలేకపోతున్నారో అర్థమవుతుంది.

ఆఫీసు గది కప్పుకు పంకా కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి. గోడకు, మనిషి తలకంటే కొంచెం ఎత్తున, చెక్క చట్రం బిగించిన చిన్న రంధ్రం ఉంది. పంకా తాడు దాని గుండా వరండాలోకి వెళ్ళేది. ఏళ్ళ తరబడి తాడు రాసుకొని, ఆ చట్రం కింది అంచున వేలు పట్టేంత గాడి పడింది. లోపల దొర ఉత్తరాలు రాసుకొంటుంటే, బయట గోడకు ఆనుకొని కూర్చున్న మనిషి లాగి లాగి చేసిన గాడి అది. చర్చిలో పాలరాతి ఫలకాల మీద దొరల పేర్లూ, పుట్టిన ఊళ్ళూ, వారి సుగుణాలూ చెక్కి ఉన్నాయి. ఈ మనిషికి ఉన్న ఫలకం ఆ గాడి ఒక్కటే. పడగొడితే మొదటి రోజే ఆ చట్రం పాత కలప కొట్టుకు పోతుంది.

పైకప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కూల్చాలనేవారి వాదనంతా దాని మీదే ఉంది. ఇది మద్రాసు టెర్రస్ అనే పద్ధతి. టేకు దూలాల మీద దగ్గర దగ్గరగా దంతెలు, అంటే సన్న దూలాలు, పరిచి, వాటి మీద సన్నటి ఇటుకలను ఐమూలగా, నిలువుగా పేర్చి సున్నంతో అతుకుతారు. దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన కాంక్రీటు పోసి, ఆడవాళ్ళు వరసగా కూర్చొని చెక్క బద్దలతో రోజుల తరబడి కొడతారు. కొట్టేటప్పుడు కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్ళు చిలకరిస్తారు. కొట్టగా కొట్టగా అది రాయిలా బిగుస్తుంది, ఆ పైన పలక ఇటుక పరుస్తారు. ఇలా కట్టిన కప్పు అప్పుడప్పుడూ చీలికలు పూడ్చుకొంటూ పోతే నూరేళ్ళు ఢోకా లేకుండా ఉంటుంది. మా బంగళా కప్పు కూలింది పాతదై కాదు. ఎప్పుడో కురుస్తోందని ఎవరో దాని మీద సిమెంటు కాంక్రీటు పొర ఒకటి పోయించారు. ఆ బరువు దంతెల మీద పడింది. ఆ పొర పగుళ్ళలోంచి దిగిన నీరు మళ్ళీ ఆవిరై పోయే దారి లేక లోపలే నిలిచి, గోడలో పొదిగిన దంతెల కొసలను పుచ్చిపోయేలా చేసింది. 2021 నవంబరులో తిరుపతినీ చిత్తూరునూ ముంచెత్తిన వానల్లో, నీవా నది పొంగిన ఆ వారంలోనే, వాయవ్యం మూల గది కప్పు దిగబడింది. తక్కిన గదుల్లో దంతెలను సుత్తితో తట్టి చూశాను. చాలా భాగం గట్టి శబ్దమే వచ్చింది.

గోడలకూ అదే తెగులు. కింద మూడడుగుల దాకా సిమెంటు పూత వేశారు, ఆ పూత పైన ఉప్పు పట్టి, పెచ్చులు ఊడుతోంది. దీన్ని చూపించడానికి సున్నం పని తెలిసిన ఒక ముసలి మేస్త్రీని తీసుకొని వెళ్ళాను. ఆయన కాలంలో బంగారుపాళ్యం వైపు గానుగలు ఉండేవట, ఎద్దు తిప్పుతుంటే రాతి చక్రం కింద సున్నమూ ఇసుకా నలిగేదట. ఆయన గోడ మీద చెయ్యి పెట్టి, ఊడిన పెచ్చు ఒకటి తీసి నలిపి చూసి, ఇలా అన్నాడు: “సున్నం గోడ వానకు నీళ్ళు తాగతాది, ఎండకు మళ్ళా కక్కేస్తాది సార్. దానికి సిమెంటు పూసినారంటే తాగిందంతా లోపలే నిలిచిపోతాది. ఇల్లు మంచిదే, చేసినోళ్ళే చెరిచినారు.” నా నివేదికలో నాలుగు పేజీల్లో రాసింది కూడా ఇంతే.

ఇల్లు కంటే విలువైనది ఆఫీసు గది బీరువాలో ఉంది. బాప్తిస్మం, పెళ్ళి, ఖననం రిజిస్టర్లు. కుంపిణీ కాలం నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో ఇలాంటి రిజిస్టర్ల నకళ్ళు లండనుకు పంపేవారు, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. అందులో ఎక్కువ భాగం ఐరోపా వారివి, వారి సంతతివి. చెన్నపట్నం కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో 1680 నవంబరులో జరిగిన, తర్వాత ఆ కోటకు గవర్నరైన ఎలైహూ యేల్ పెళ్ళి వివరం కావాలంటే నేడు ఎవరైనా సంపాదించవచ్చు. మా సంఘంలోని మాదిగ, మాల కుటుంబాలవారి ముత్తవ్వ పెళ్ళి ఎప్పుడు జరిగిందో తెలియాలంటే ఉన్న ఆధారం చాలాసార్లు ఈ బీరువాలోని ఒక్క ప్రతే. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్ళి రిజిస్టరులో వయసు, వృత్తి, నివాసం, తండ్రి పేరు, సాక్షుల సంతకాలు ఉండాలి. కాబట్టి ఆ గడులు చదువుకొంటూ పోతే ఒక సమాజం కదలడం కనిపిస్తుంది. వృత్తి అన్న చోట ముందు కూలి, గుర్రాలవాడు, వంటమనిషి అనే మాటలే ఎక్కువ. ఒక పెళ్ళికొడుకు ‘పంకా లాగువాడు’. తర్వాతి పుటల్లో కాంపౌండరు, ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే బైబిలు స్త్రీ, బడి ఉపాధ్యాయుడు, ఇంకొంచెం ముందుకు వెళ్తే రైల్వే గుమాస్తా, నర్సు. సాక్షుల గడిలో ఒక సంతకం తెలుగులో ఉంటే పక్కది అరవంలో ఉంటుంది, కొన్ని చోట్ల వేలిముద్ర. చిత్తూరు ఎప్పుడూ రెండు భాషల ఊరే అనడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం వెతకనక్కరలేదు. ఈ పుస్తకాల అంచులను ఇప్పటికే చెదలు ముట్టాయి. ఇంటి మాట ఎటు తేలినా, వీటిని ముందుగా ఫోటో తీయించి, ఇనుప బీరువాలోకి మార్చాలని నేను గట్టిగా అడిగాను. ఆ ఒక్కదానికి కమిటీలో అందరూ ఒప్పుకొన్నారు.

ఎదుటిపక్షం వాదనలో న్యాయం లేదని నేను అనను. ఆ ఇంట్లో కాపురం చేసి చూడని మాలాంటివాళ్ళం దాని అందం గురించి మాట్లాడటం తేలిక. ఇంతకు ముందున్న అయ్యగారి భార్య నాతో ఒకసారి అన్నమాట ఇది: “బూజు దులపాలంటే నిచ్చెన కావాల, నిచ్చెన ఎక్కేదానికి మనిషి కావాల, ఆ మనిషికి కూలి మా జీతంలోనుంచే ఇయ్యాల అన్నా. వాన పడితే ఏ మూల గిన్నె పెట్టాలో పిల్లోళ్ళకు కూడా తెలుసు.” అయ్యగార్లు కొన్నేళ్ళకొకసారి బదిలీ అయిపోతారు. ఇల్లు తమది కాదు, బాగు చేయించే అధికారం తమకు లేదు, బాగు చేయమని గట్టిగా అడిగితే సుఖానికి అలవాటుపడ్డారన్న మాట వస్తుంది. అందుకే ఇప్పుడున్న అయ్యగారు రెండు వీధుల అవతల అద్దె ఇంట్లో ఉంటున్నారు. ఆయన్ను మళ్ళీ ఆ బంగళాలోకి వెళ్ళమనడం నా ఉద్దేశం కాదు. ఆవరణలోనే ఒక మూల, చిన్నగా, ఉతకడానికీ వండుకోవడానికీ వీలుగా కొత్త ఇల్లు కట్టి ఇవ్వాలి. ఆ ఖర్చును బంగళా మరమ్మతుకు పోటీగా చూడకూడదు.

పడగొట్టడం కమిటీ ఒక్కటే తేల్చుకొనే విషయమూ కాదు. ఆర్కాటు మిషన్ చర్చిలు 1908లో దక్షిణ భారత ఐక్య సంఘంలో చేరాయి. 1947 సెప్టెంబరు 27న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలతో కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. అలాంటి సంఘాల ఆస్తులు సాధారణంగా స్థానికుల పేర ఉండవు, ట్రస్టు పేర ఉంటాయి. అనుమతి లేకుండా ఇటుక కదిపితే రేపు కొట్లు అద్దెకు తీసుకొన్నవాడు కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. ఇక ప్రభుత్వం ఆపుతుందని ఎవరూ ఆశపడనక్కరలేదు. రాష్ట్ర పురావస్తు చట్టం 1960 నాటిది. రక్షిత కట్టడంగా ప్రకటించినవాటికే అది వర్తిస్తుంది, మిషన్ బంగళాలను అలా ప్రకటించమని అడిగేవారే అరుదు.

ఆదాయం కావాలి, నిజమే. వీధి వైపు గోడ వెంట కొట్లు కట్టుకోవడానికి బంగళాను ముట్టుకోనక్కరలేదు, నేను గీసి ఇచ్చిన ప్లానులో అవి వేరే నిలుస్తాయి. కళ్యాణ మండపం ఇప్పటికే ఊళ్ళో వీధికొకటుంది. బంగళా ముందు హాలును చదువుకొనే గదిగా, ఆఫీసు గదిని రిజిస్టర్లూ పాత ఫోటోలూ భద్రపరిచే గదిగా మార్చవచ్చునన్నది నా ప్రతిపాదన. కడపలో సి.పి. బ్రౌన్ బంగళా శిథిలమై, మొండి గోడలు మిగిలిన తర్వాత, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి తిరిగి, ఆ చోటనే గ్రంథాలయం లేచేలా చేశారు. నేడు పరిశోధకులు దూరాల నుంచి అక్కడికి వస్తున్నారు. అయితే బ్రౌన్ కూర్చొని రాసిన గదిని మాత్రం ఎవరూ చూడలేరు, అది పోయింది. మాకు గది ఇంకా ఉంది.

పని మొదలుపెట్టాలంటే కప్పు మీది సిమెంటు పొరను ముందు తీసేయాలి, జాగ్రత్తగా, డ్రిల్లింగు మిషను పెట్టకుండా, ఉలితోనే. పుచ్చిన దంతెలు మార్చాలి. పాత ఇళ్ళు పడగొట్టే చోట టేకు దొరుకుతుంది, కొత్త కలపకంటే అదే మేలు. సున్నాన్ని గుంటలో పోసి కనీసం నెలన్నా నాననివ్వాలి కాబట్టి, ఈశాన్య రుతుపవనాల వానలు రాకముందే గుంట తవ్వాలి. రావి మొలకను పీకడం కంటే వేరు కోసి, మందు పెట్టి ఎండగట్టాలి, లేకపోతే గోడ చీలుతుంది. మొదట్లో అడ్డు చెప్పింది కొద్దిమందే అయినా, ఇప్పుడు కమిటీ సభ్యుల్లో సగం మందికి పైగా మరమ్మతు వైపే మొగ్గు చూపుతున్నారని వింటున్నాను, తుది మాట కోత పండుగ తర్వాత జరిగే సమావేశంలో తేలుతుంది.

వెనక వరండాను ఎప్పుడో ఇటుకతో మూసి గదులుగా చేశారు. ఆ గోడ తీసేస్తే అసలు కమానులు ఏ ఆకారంలో ఉండేవో, మధ్య స్తంభాలు గుండ్రంవో చదరంవో నాకు తెలియాలి. మిషన్ బడిలో చదివినవారి, హాస్టల్లో ఉన్నవారి, అక్కడ పెళ్ళి విందులు చేసుకొన్నవారి ఇళ్ళలో 1970కి ముందు ఆ వరండా మెట్ల మీద నిలబడి తీయించుకొన్న గ్రూపు ఫోటోలు తప్పకుండా ఉంటాయి. వెనక వైపు కనిపించేది ఏదైనా ఉంటే, మసకగా ఉన్నా సరే, ఫోటో తీసి పంపండి. ఫోటోలో ఉన్నవారి పేర్లు తెలిస్తే వెనక రాసి పెట్టండి.